ఏడో బోర్డు

భర్త గొంతు సవరించుకున్నాడు. ఆమె లేచింది.

ఒకసారి సవరించుకుంటే టీ కావాలని. రెండుసార్లయితే టీ ఆలస్యమైందని. చివర చిన్న దగ్గు కలిస్తే అత్తగారి మాత్రల డబ్బా ఎక్కడుందో కనబడలేదని. పదకొండేళ్ళలో ఈ భాష ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. నిద్రలో ఉన్నా, తల దువ్వుకుంటున్నా, ఫోనులో తన తల్లితో మాట్లాడుతున్నా ఆ శబ్దం వినబడగానే మోకాళ్ళు వాటంతటవే లేస్తాయి, మనసు తరవాత తీరిగ్గా వాటి వెనక నడిచి వస్తుంది.

కాని ఆ సోమవారం పొద్దున వంటింటి గుమ్మం దగ్గర ఆమె టక్కున ఆగిపోయింది. గుమస్తా అప్పటికే అక్కడుంది. తనకంటే ముందే లేచి, తనకంటే ముందే వచ్చి, బిస్కట్ల డబ్బా ఉన్న అరకేసి చూస్తూ బుద్ధిగా కూర్చుంది.

గుమస్తా అంటే కుక్క. తెలుపూ గోధుమరంగూ కలిసిన ఒళ్ళు, ఒక చెవి నిటారుగా, ఒక చెవి వాలిపోయి, ఎవరేం చేసినా ఎదురుగా కూర్చుని ఎక్కడో నమోదు చేసుకుంటున్నట్టు చూస్తుంది. అందుకే ఆమె ఆ పేరు పెట్టింది. కొన్నది భర్త. కొన్న వారానికే మోజు తీరిపోయింది. కాగితాల్లో యజమాని ఆయన. తిండి, స్నానం, నడక, వాంతులు ఎత్తడం ఆమె.

టీ పొంగిపోతున్నా చూసుకోకుండా ఆమె గుమస్తాకేసి చూసింది. ఎప్పుడు నేర్చుకుంది ఇది? ఆయన గొంతు, తను లేవడం, వంటిల్లు, ఓ బిస్కట్ ముక్క. రోజుకి పదిసార్లు. ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆదివారమే పోటీ. అక్కడ చూసేవాళ్ళలోంచి ఆయన గొంతు వినబడితే?

కుక్కల ర్యాలీ పోటీ అంటే పరుగుపందెం కాదు. చుట్టూ తాడు కట్టిన గ్రౌండులో పన్నెండు బోర్డులుంటాయి. ఒక్కో బోర్డు మీద ఒక్కో పని: కూర్చోబెట్టండి, కుడికి తిరగండి, కుక్కను ఆపి చుట్టూ నడవండి. మెడపట్టీకి తాడు లేకుండా, ఆగకుండా, వరసగా అన్నీ చెయ్యాలి. వంద మార్కులతో మొదలుపెట్టి తప్పు తప్పుకీ కోస్తారు. కుక్కతో మాట్లాడొచ్చు, మెచ్చుకోవచ్చు, బతిమాలొచ్చు. చెయ్యి మాత్రం వెయ్యకూడదు. కుక్క తాడు దాటి బయటికొచ్చిందా, అంతటితో సరి. బతిమాలొచ్చు గాని చెయ్యి వెయ్యకూడదన్న నియమం ఆమెకు మొదటిరోజే నచ్చింది.

ఏడాదిగా పొద్దున్నే అయిదున్నరకి, తను పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్ వెనక, కార్లు నిలిపే ఖాళీ జాగాలో సాధన. మందుల అట్టపెట్టెలు కోసి బోర్డులు చేసుకుంది. ఏడున్నరకి అందరి డబ్బాలూ కట్టి, తొమ్మిదికి మళ్ళీ అదే క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చునేది. లోపల్నుంచి డాక్టరుగారు గంట నొక్కితే లేవాలి. అక్కడ గంట, ఇంట్లో గొంతు. ఆ ఒక్క గంటసేపు, ఆ అట్టబోర్డుల మధ్య మాత్రం, ఎప్పుడు నడవాలో ఎప్పుడు ఆగాలో తనే చెప్పేది.

నేర్పింది డ్రిల్ మేడమ్. బళ్ళో డ్రిల్ టీచరుగా రిటైరయి, మోకాళ్ళు అరిగిపోయినా మెళ్ళో ఈల మాత్రం తీయని మనిషి. "నీ నోరు వినదే అది. నువ్వు 'కూర్చో' అనకముందు నీ ఎడమ భుజం ఇంత కిందికి దిగుతుంది చూడు. అది చూసి కూర్చుంటోంది. కుక్కలకి మన మాటలు కాదు తల్లీ, మన అలవాట్లు తెలుస్తాయి," అంది ఓసారి. ఇంకోసారి, "నా మోకాళ్ళ పని అయిపోయింది. శనివారం క్లాసు నీకప్పగిస్తాను. కాని రూలు ఉంది. నడిపించిన మనిషిగా నీ పేరు మీద మూడు పాసులుండాలి. రెండయ్యాయి. మూడోది తెచ్చుకో. ఈసారి కాకపోతే మళ్ళీ ఆర్నెల్లకి గాని పోటీ లేదు, అంతదాకా నేను ఆగలేను. క్లాసు ఇంకెవరికో పోతుంది," అంది.

మూడోది ఈ ఆదివారం. బుధవారం దాకా అంతా సవ్యంగానే ఉంది.

బుధవారం భోజనాల దగ్గర భర్తకు తెలిసింది, బహుమతులిచ్చేది తమ ఆఫీసు డైరెక్టరుగారని. ఆయనకి కుక్కలంటే ప్రాణమట. గురువారం సాయంత్రానికి ఫారంలో నడిపించేవారి పేరు మారిపోయింది.

"నువ్వు నేర్పావు, నేను నడిపిస్తాను. ఇంట్లోవాళ్ళమేగా! కప్పు ఎక్కడికి పోతుంది, మన షోకేసులోకే," అన్నాడు.

"ఆ పాసు నా పేరు మీద కావాలండీ. శనివారం క్లాసు..."

"క్లాసా? కుక్కలకి పాఠాలు చెబుతావా? మనింట్లో పని తక్కువైందా?"

"మగవాడు పట్టుకుంటే కుక్కకీ ఓ మర్యాద అమ్మాయ్," అంది అత్తగారు పెరుగు కలుపుకుంటూ. "నీకెందుకా ఎండలో తిప్పలు? పైగా ఆదివారం మా చెల్లెలు వాళ్ళు భోజనానికి వస్తున్నారు."

నిజానికి ఆదివారం రెండు పోటీలు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. మధ్యాహ్నం దానికి అక్కడికక్కడే, పదకొండులోగా పేరివ్వొచ్చు. కాని మధ్యాహ్నం అంటే ఎనిమిది మందికి వంట. ఆ సంగతి ఎత్తడానిక్కూడా ఆమెకు నోరు రాలేదు.

శుక్ర, శనివారాలు ఆయనకి భుజం దించడం నేర్పింది. తుప్పుపట్టిన గేటులా దించేవాడు. గుమస్తా జాలిపడి కూర్చునేది. శనివారం సాయంత్రం ధైర్యం కూడగట్టుకుని అసలు మాట చెప్పింది.

"ఏమండీ, రేపు గ్రౌండులో మీరు గొంతు సవరించుకోకండి."

"ఏం?"

"మీరు సవరించుకుంటే నేను లేస్తాను. నాతోపాటు అది లేస్తుంది. దానికలా అలవాటైపోయింది."

ఆయన ఆమెకేసి వింతగా చూశాడు. "నేనెప్పుడు సవరించుకున్నాను?"

వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగాడు. ఆయనకి తెలియదు! పదకొండేళ్ళుగా రోజుకి పదిసార్లు ఆమెను లేపుతున్న ఆ శబ్దం తను చేస్తున్నట్టు ఆ మనిషికి తెలియనే తెలియదు. కోపం వచ్చినా బాగుండేది. మరి తను ఇన్నేళ్ళూ లేచింది ఎవరి కోసం? పిలిచానని తెలియని మనిషి పిలుపుకా?

"పిచ్చి ఊహలు పెట్టుకోకు. నిన్ను నేనెప్పుడైనా పిలిచానా? నువ్వే లేచి వస్తుంటావు," అన్నాడాయన, టీవీ పెంచుతూ.

ఆదివారం ఎనిమిదిన్నరకే గ్రౌండు నిండిపోయింది. డైరెక్టరుగారు షామియానా కింద, ఆయన పక్కన భర్త, నవ్వుతూ. పోటీకి ముందు పది నిమిషాలు నడిపించేవాళ్ళని ఒంటరిగా, కుక్కలు లేకుండా, బోర్డుల మధ్య నడవనిస్తారు. తోవంతా బుర్రలో ఎక్కించుకోవడానికి. ఆ పది నిమిషాల్లో ఆయన ఆరు నిమిషాలు డైరెక్టరుగారితోనే ఉన్నాడు. ఆమె తాడు అవతల నిలబడి, కళ్ళు చిట్లించి, బోర్డులన్నీ తనే చదువుకుంది.

"ఏడులో ఏముంది?" అన్నాడు పరిగెత్తుకొచ్చి.

"కూర్చోబెట్టి, దాన్నక్కడే వదిలేసి, పది అడుగులు వెళ్ళి, వెనక్కి తిరిగి, ఆగి, అప్పుడు పిలవాలి."

"అది కష్టంగా ఉందే. నువ్వు అటుపక్క కుర్చీల్లో కూర్చో. అది లేచేట్టుంటే భుజం దించు."

"బయటివాళ్ళు సాయం చేస్తే ఇద్దర్నీ తీసేస్తారండీ."

"నీ భుజాన్ని ఎవరు చూస్తారు?"

నిజమే. పదకొండేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు, ఒక్క గుమస్తా తప్ప.

అయిదో కుర్చీలో కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. భుజాలు కదలకూడదు. సాయం చేస్తే మోసం. చెయ్యకపోతే ఇంట్లో వారం రోజులు మూతి విరుపులు. పక్క కుర్చీలో డ్రిల్ మేడమ్ ఈలను గట్టిగా పట్టుకుంది.

"సిద్ధమేనా?" అన్నాడు జడ్జి. "బయల్దేరండి."

ఒకటి. రెండు. గుమస్తా ఆయన ఎడమ మోకాలికి అంటుకున్నట్టు నడిచింది. మూడో బోర్డు దగ్గర కొంచెం వంకరగా కూర్చుంది. జడ్జి పెన్ను కదిలింది. నాలుగు. అయిదు. షామియానాలోంచి చప్పట్లు. ఆరు. తను నేర్పిన ప్రతి మలుపూ అక్కడ కనబడుతుంటే గర్వపడాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

ఏడు. ఆయన భుజం దించాడు. గుమస్తా కూర్చుంది. ఆయన వదిలేసి నడిచాడు. ఒకటి, రెండు, మూడు... పది. వెనక్కి తిరిగాడు. గ్రౌండంతా నిశ్శబ్దం. ఇంతమంది కళ్ళు తన మీదే ఉన్నాయని ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది. మెడ దగ్గర కాలరు సర్దుకున్నాడు.

ఆమెకు ఆ కాలరు సర్దుకోవడం తెలుసు. పెళ్ళిచూపుల్లో చూసింది. ఆఫీసు ఫంక్షన్లలో చూసింది. నలుగురిలో నోరు విప్పేముందు కాలరు, ఆ వెంటనే...

వద్దు. వద్దండీ.

గొంతు సవరించుకున్నాడు.

గుమస్తా లేచింది. ఆయన వైపు కన్నెత్తి చూడలేదు. గ్రౌండుకు అడ్డంగా పరిగెత్తి, తాడు కింద దూరి, కుర్చీల వరస దాటుకుంటూ వచ్చి ఆమె పాదాల దగ్గర కూర్చుని తలెత్తింది, బిస్కట్ ఏదీ అన్నట్టు. జడ్జి చెయ్యెత్తాడు. అయిపోయింది. జనం నవ్వారు. అప్పుడు చూసుకుంది ఆమె. తను కుర్చీలో లేదు. నిలబడి ఉంది. చేతులు తొడల కింద పెట్టుకున్న మనిషి ఎప్పుడు లేచిందో తనకే తెలియదు.

భర్త చెవులు ఎర్రబడి వచ్చాడు. "పిలిచావు కదూ?"

"లేదు."

"మరి నీ దగ్గరికే ఎందుకొచ్చింది? డైరెక్టరుగారి ముందు నా పరువు తీశావు!"

"నేను పక్కనే ఉన్నాను నాయనా. ఈ అమ్మాయి నోరూ ఎత్తలేదు, భుజమూ దించలేదు," అంది డ్రిల్ మేడమ్.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. భయం వేసింది, కాని మాట ఆగలేదు. "నేను పిలవలేదండీ. మీరు పిలిచారు. మేమిద్దరం లేచాం."

ఆయనకి అర్థం కాలేదు. అర్థం కాదని ఆమెకు తెలుసు. "పద ఇంటికి. అమ్మ ఎదురుచూస్తుంటుంది. వంట ఎప్పుడు మొదలెడతావు?" అంటూ కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

పది నలభై అయిదు. పేర్లు రాసుకునే బల్ల ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఎనిమిది మందికి వంట, అత్తగారి చెల్లెలు, ఆవిడ చూసే చూపు, సాయంత్రం మొహాలు... అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అయినా నడిచింది.

"మధ్యాహ్నం పోటీకి. ఈ కుక్కే," అంది బల్ల దగ్గరి అమ్మాయితో.

"నడిపించేది?"

"నేను." ఆ గడిలో తన పేరు తనే రాసింది. అక్షరాలు వంకరగా పడ్డాయి గాని చదవడానికి వీలుగానే ఉన్నాయి.

అత్తగారికి ఫోను చేసింది. "రావడం ఆలస్యమవుతుందండీ. భోజనం బయటినుంచి తెప్పించండి." అవతల నిశ్శబ్దం ఎంత పెద్దదో వినకముందే పెట్టేసింది. భర్తకి చెప్పింది. ఆయన అరవలేదు. డైరెక్టరుగారు ఇంకా అక్కడే ఉన్నారు. కారు తలుపు తెరిచిపెట్టి, లోపల కూర్చుని, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, ఎంతసేపట్లో దార్లోకి వస్తుందో చూద్దామన్నట్టు.

కారుకు పది అడుగుల దూరంలో, నీడలో, ఆమె కుర్చీ వేసుకుంది. పోటీలో తిండి చూపకూడదు, బయట చూపొచ్చు. సంచీలోంచి బిస్కట్ల పొట్లం తీసింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

గుమస్తా చెవి లేచింది, ఒళ్ళు సగం లేచింది. ఆమె మోకాళ్ళు కూడా. కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని కదలకుండా కూర్చుంది. గుమస్తా ఆమె భుజంకేసి చూసింది. భుజం చెక్కుచెదరలేదు. మెల్లగా మళ్ళీ కూలబడింది. వెంటనే ఓ ముక్క దానికిచ్చింది. ఒక్క క్షణం ఆలోచించి, ఇంకో ముక్క తన నోట్లో వేసుకుంది.

ఈసారి రెండుసార్లు సవరించుకున్నాడు. రెండు ముక్కలు. కాసేపటికి చివర దగ్గు కూడా కలిసింది. ఆమె కుర్చీ వదల్లేదు. "నీళ్ళ సీసా ఏదీ?" అని పేపరు వెనకనుంచి ఎవరినీ ఉద్దేశించకుండా అన్నాడు. సీసా ఆయన పక్క సీట్లోనే ఉంది. మళ్ళీ గొంతు. మళ్ళీ ముక్క. ఆయన పాపం ఎంత ఓపిగ్గా సాయం చేస్తున్నాడో ఆయనకే తెలియదు. దూరంనుంచి డ్రిల్ మేడమ్ చూసి, మొదట విస్తుపోయి, తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏడోసారికి గుమస్తా తల ఎత్తలేదు.

ఆమె మోకాళ్ళకి మాత్రం పద్నాలుగో సారి దాకా పట్టింది.

రెండు గంటలు కావస్తుండగా మైకులో ఆమె నంబరు పిలిచారు. ఇద్దరూ లేచారు.