కింద పెట్టలేని రేక

స్టీలు స్టాండును చూడగానే చక్రపాణికి ఒళ్ళు మండింది.

జానెడు ఎత్తు, మూడు కాళ్ళు, పైన అర్ధచంద్రంలా వంచిన కమ్మీ. ఆ కమ్మీలో తాటాకు మడిచి చేసిన రేక ఒకటి పడవలా కూర్చుని ఉంది. రేక నిండా కల్లు. దాని ఎదుట కూర్చున్న అమ్మాయి రెండు చేతులతో ఫోను పట్టుకుని, ఒక కన్ను మూసి ఫొటో తీసింది. చూసుకుంది. నచ్చలేదు. స్టాండును కాస్త పక్కకు తిప్పి మళ్ళీ తీసింది. కల్లు మీద నురగ అప్పటికే చచ్చిపోయింది.

"ఎలా ఉంది బావా?" దీక్షిత్ వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

దీక్షిత్ చక్రపాణి భార్య శ్రీదివ్యకు తమ్ముడు. షామీర్‌పేటకు ఇవతల రోడ్డు పక్కన అతను పెట్టిన పబ్బు ఆ ఆదివారం ఉదయమే తెరుచుకుంది. గేటు మీద పెద్ద అక్షరాలతో 'మండువ' అని పేరు. లోపల ఒక పక్క బీరు పంపులు, ఇంకో పక్క ఎర్రమట్టి పరిచి, ఎక్కడినుంచో పెకలించి తెచ్చిన నాలుగు ఈతచెట్లు నాటి, వాటి కింద పీటలు వేసిన కల్లు మూల. ఆ మూలకు వెళ్ళే దారిలో నల్ల పలక మీద సుద్దతో రాసినట్టు ఒక వాక్యం: 'ఇక్కడ మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు.'

అది చక్రపాణి రాసిన వాక్యమే. అక్షరం పొల్లుపోలేదు. దాని కిందనే ఉన్న బల్ల మీద అభిప్రాయాల కాగితాల కట్ట పెట్టారు. మొదటి ప్రశ్న: 'మీరు ఇక్కడికి ఎందుకు వచ్చారు?'

"స్టాండు ఎవడు పెట్టమన్నాడు?" అన్నాడు చక్రపాణి.

"బాగుంది కదా?"

"నేనేం రాశాను? రేకను కింద పెట్టలేకపోవడమే దాని గొప్ప అని రాశానా లేదా? మూడో పేజీ. చదివావా?"

"చదివాను బావా. కానీ కస్టమరు చెయ్యి ఖాళీగా ఉండాలి కదా. ఫొటో తీసుకోకపోతే నలుగురికీ ఎలా తెలుస్తుంది?"

నోరు తెరిస్తే ఏం వస్తుందో చక్రపాణికే తెలియలేదు. అతని కోపం ఎప్పుడూ అంతే. మొదట దవడలోకి వస్తుంది, అక్కడే గడ్డకడుతుంది, తర్వాత రెండు మూడు రోజులు మనిషి మొత్తం ఆ గడ్డ చుట్టూ తిరుగుతూ ఉంటాడు.

చక్రపాణికి నలభై నాలుగేళ్ళు. అమలాపురం పక్కనుంచి వచ్చి గుండ్లపోచంపల్లిలో ఇల్లు కొనుక్కుని, ఒక మందుల కంపెనీ ల్యాబులో నాణ్యత చూసే ఉద్యోగం చేస్తున్నాడు. పరీక్షలో ఒక నమూనా తప్పితే అది ఎందుకు తప్పిందో రాయాలి. రాసిన కారణానికి కారణం రాయాలి. పద్దెనిమిదేళ్ళుగా అతను తినే తిండి ఆ 'ఎందుకు' మీదే. ఇంటికి వస్తే శ్రీదివ్య "ఏంటండీ, ఏం ఆలోచిస్తున్నారు?" అంటుంది. ప్రేమగానే అంటుంది. ఆ ప్రేమకు కూడా కారణం రాసివ్వాల్సి వచ్చినట్టు అతను బిగుసుకుపోతాడు.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం మేడ్చల్ దాటి షామీర్‌పేట వైపు పోతుంటే కారు టైరు గాలి పోయింది. నీళ్ళు దొరుకుతాయేమోనని పక్కనున్న ఈతవనంలోకి నడిచాడు. అక్కడ మొగులయ్య మండువ ఉంది. మండువంటే చెట్ల కింద చదును చేసిన నేల, నాలుగు రాళ్ళు, వరసగా లొట్లు, అంటే కల్లు కుండలు, అంతే. మొగులయ్య అతని మొహం చూశాడు. ఏమీ మాట్లాడకుండా తాటాకు మడిచి దొన్నెలా చేసిన రేకను చేతుల్లో పెట్టి, లొట్టి వంచి కల్లు పోశాడు. రేకకు నిలబడే అడుగు ఉండదు. రెండు చేతులతో పట్టుకోవాలి, గొంతుక్కూర్చుని పెదవులకు ఆనించుకోవాలి, అయిపోయేదాకా వదలకూడదు. ఆ కాసేపూ ఫోను మోగినా తియ్యలేడు, నుదురు దురద పెట్టినా గోక్కోలేడు. చుట్టూ ఐదారుగురు మనుషులున్నారు. ఒక్కరూ పలకలేదు. నువ్వెవరని గానీ, ఏ ఊరని గానీ అడగలేదు.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం పదకొండింటికి వెళ్ళాడు. రెండు రేకలు తాగి, మొగులయ్య భార్య జంగమ్మ ఉడకబెట్టి ఆకులో పెట్టే శనగ గుడాలు తిని, పన్నెండుకల్లా వచ్చేసేవాడు. ఎప్పుడు వెళ్ళినా అదే నిశ్శబ్దం. రేక పట్టుకున్నవాడితో మాట్లాడకూడదన్నది వీళ్ళ ఆచారమని గ్రహించాడు. ఇంత నాగరికమైన ఆచారం తన చదువుకున్న స్నేహితుల్లో ఒక్కడికీ లేదే అనుకున్నాడు.

రెండు నెలల కిందట దీక్షిత్ భోజనానికి వచ్చి, "బావా, జనం ఒక పబ్బుకు మళ్ళీ మళ్ళీ ఎందుకెళ్తారు?" అని అడిగాడు. జీవితంలో మొదటిసారి ఒక 'ఎందుకు' చక్రపాణికి తియ్యగా తగిలింది. ఆ మధ్యాహ్నమే కూర్చుని పదకొండు పేజీలు రాశాడు. రేక గురించి, కూర్చునే ఎత్తు గురించి, జంగమ్మ గుడాల్లో ఉల్లిపాయ పచ్చిగా ఎందుకుండాలో దాని గురించి, అన్నిటికన్నా ఎక్కువగా ఆ మౌనం గురించి. తాగుడుకు మనిషి ఎక్కడైనా పోతాడు, తనను తాను వివరించుకోనక్కర్లేని చోటికే మళ్ళీ పోతాడు అని రాశాడు. దాచుకున్నది దాచుకున్నట్టే ఉండాలి, అది ఎంత బాగుందో నలుగురూ ఒప్పుకోవాలి కూడా. ఈ రెండు కోరికలూ ఒకే ఒరలో ఇమడవని తెలిసీ కాగితాలు దీక్షిత్ చేతిలో పెట్టాడు. మొగులయ్య పేరు, మండువకు దారి కూడా రాసిచ్చాడు.

ఇప్పుడు ఆ మొగులయ్య ఎదురుగా ఉన్నాడు. తెల్ల పంచె, కొత్త ఎర్ర తువ్వాలు, నడుముకు చెట్టెక్కే మోకు. ఎక్కడానికి కాదు, చూడటానికి.

"సారూ! ఒచ్చిన్రా! నేను పొద్దుగాలసంది మీ తొవ్వే జూస్తున్న!"

మూడేళ్ళలో మొగులయ్య నోట చక్రపాణి విన్న మాటలన్నీ కలిపినా ఇంత పొడుగు లేవు.

"మొగులయ్యా, ఈ స్టాండు చూశావా? రేకను ఏం చేశారో చూశావా?"

"సూసుడేంది సారూ, నేనే జెప్పిన! పోయిన వారం ట్రయలు ఏసిన్రు. పిలగాండ్లు ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో రేక పట్టిన్రు. కల్లంత ఒలికిపాయె! నాకు పరేషాన్ అయ్యింది. గప్పుడు దీక్షిత్ సారుకు జెప్పిన, వెల్డింగోనితోటి గిట్ల ముక్కాలిపీట తీరుగ చేపియ్యున్రి అని. మస్తున్నది గదా?"

దీక్షిత్ నవ్వాడు. "చెప్తే వినవు బావా. ఐడియా ఆయనదే."

చక్రపాణి కోపానికి కాళ్ళ కింద నేల కదిలింది. నేల కదిలినా కోపం పడిపోలేదు, ఇంకొకరిని పట్టుకుంది.

"నీకు సిగ్గులేదా మొగులయ్యా? ఇక్కడ నిన్ను బొమ్మను చేసి నిలబెట్టారు. ఆ మోకు ఎందుకు కట్టుకున్నావు? ఈ చెట్లలో ఒక్కదానికైనా కల్లు వస్తుందా? నీ మండువ ఏమైపోవాలి?"

పక్క పీటల వాళ్ళు తలలు తిప్పారు. మొగులయ్య నవ్వు కాసేపు మొహం మీదే ఉండి, మెల్లగా దిగింది.

"మండువకేమైతది? జంగమ్మ ఉన్నది. చెట్లు మా తమ్ముడు గీస్తున్నడు. నేను నలభై ఏండ్లు ఎక్కిన సారూ. మోకాళ్ళల్ల గుజ్జు లేదన్నడు డాక్టరు. గీడ ఎక్కుడు లేదు, దిగుడు లేదు. నీడకు నిలబడుడే."

"అందుకని బొమ్మవైపోతావా?"

"అయితె ఏమాయె? బొమ్మలకు మోకాళ్ళు నొయ్యవు సారూ."

చక్రపాణి ఆ మాట వినలేకపోయాడు. దీక్షిత్ "బావా, భోంచేసి..." అంటుండగానే బయటికి నడిచి కారు తీశాడు.

అసలు మండువ అక్కడికి మూడు కిలోమీటర్లు. ఆ మూడు కిలోమీటర్లూ అతను దీక్షిత్‌తో, మొగులయ్యతో పోట్లాడుతూనే ఉన్నాడు. కారులో ఒక్కడే ఉన్నాడు కాబట్టి అన్ని వాదనలూ గెలిచాడు. పోనీ, మండువ మిగిలింది కదా. తనకు కావాల్సింది అదే. అక్కడ కూర్చుని రెండు రేకలు తాగితే ఈ గడ్డ కరిగిపోతుంది.

కారు రోడ్డు పక్కన ఆపి దిగేసరికి ఒంటిగంట దాటింది, ఈతవనంలోనుంచి గోల వినిపించింది.

"నీ అంత పొడుగుండెరా షాప! వల సింపుకొని పోయింది!"

"నా అంత పొడుగుంటె నిన్ను మింగకపోవునా? మాకు పీడ బోవు!"

పడీపడీ నవ్వులు. ఎవరో చప్పట్లు. ఒక ఆడగొంతు, "ఓ నారాయణా, నీ షాప పోయిన వారం జానెడే ఉండె గదనే!" అంది. మళ్ళీ నవ్వులు. చక్రపాణి చోటు తప్పానేమో అనుకున్నాడు. నాలుగడుగులు వేసి చెట్ల మధ్యనుంచి బయటపడ్డాడు.

చెరువులో చేపలు పట్టే నారాయణ ముందుగా చూశాడు. చేయి పైకెత్తాడు. దీపం ఆర్పినట్టు గోల ఆగిపోయింది. తాపీపని చేసే పర్వతాలు నేల చూపులు చూడసాగాడు. జంగమ్మ కొంగు సర్దుకుని, రేక మడవడం మొదలుపెట్టింది.

అదే నిశ్శబ్దం. మూడేళ్ళుగా అతను ఎరిగిన, పదకొండు పేజీలు రాసిన నిశ్శబ్దం. అది మొదలయ్యే క్షణాన్ని మాత్రం ఇప్పుడే చూశాడు.

"ఎందుకు ఆపారు?" అన్నాడు.

"ఏం లే సారూ. కూసోండ్రి."

"నేను రోడ్డు మీదినుంచే విన్నాను. నన్ను చూసి ఎందుకు ఆపారని అడుగుతున్నాను."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జంగమ్మే అంది: "మా ఆయినె జెప్పిండు. మీరు మొదాలు ఒచ్చిన్నాడు మీ మొకం జూసి, ఇంట్ల ఎవలో సచ్చిపోయిన్రు అనుకున్నడు. గాయనతోటి ఎవ్వలు ముచ్చట పెట్టకున్రి, సల్లగ తాగి పోతడు అన్నడు. అప్పటిసంది ఐతారం పదకొండు గొట్టంగనే మాకు నోరు కట్టేసుకునుడే."

"మూగ సారు ఒచ్చే యాళ్ళాయె, సప్పుడు బందు జేయున్రి అంటుండె మొగులన్న," అన్నాడు నారాయణ. "గంటసేపు దగ్గు ఒచ్చినా ఆపుకుంటుంటిమి."

"రేక పట్టుకున్నవాడితో మాట్లాడకూడదని మీ ఆచారం కదా?"

పర్వతాలు ఆపుకోలేక నవ్వాడు. "గట్ల యాడ ఉంటది సారూ? రేక పట్టినోడే గదా మాకు దొరికేది! లేసి ఉరుకనీకి రాదు. అడిగేటియన్ని గప్పుడే అడుగుతం."

చక్రపాణి మొహం వేడెక్కింది. నూట యాభై ఆదివారాలు ఈ చోటును గమనించాడు. నూట యాభైసార్లూ అతను గమనించింది తన రాకతో మారిపోయిన చోటునే. ల్యాబులో ఇలాంటి ఫలితం ఎవరైనా తెస్తే కాగితం మొహాన కొట్టేవాడు. వీళ్ళు వారం వారం చేసిన దయను అతను ఆ నేల గుణమని రాశాడు, దానికి నల్ల పలక కూడా తయారైంది. తనను చూసి ఇంతమంది జాలిపడ్డారన్న సంగతి సిగ్గుగా మొదలై, దవడ దగ్గరకు వచ్చేసరికి కోపమైంది.

"చెప్పొచ్చు కదా! మూడేళ్ళు! ఒక్కరైనా అడగొచ్చు కదా!"

"మేం అడగాల్నా?" జంగమ్మ చేతిలో రేక ఆగింది. "నువ్వడిగినవా? ఎండకాలంల నేను నెలరోజులు దవాఖానల పడున్న. గర్భసంచి తీసేసిన్రు. నా తావుల మా సెల్లె గుడాలు వండింది. నువ్వొచ్చినవు, తిన్నవు, పోయినవు. నేను లేనని గూడ యాది లేదు నీకు. ఇగ నా గుడాలల్ల ఉల్లిగడ్డ ఎట్లుండాల్నో కాయితంల రాసినవంట! మీ బామ్మర్ది సదివి ఇనిపిచ్చిండు."

ఎండాకాలంలో గుడాలు వేరే చేతివని అతని నాలుకకు కూడా తెలియలేదు. వెళ్ళిపోదామనుకున్నాడు. జంగమ్మ కోపంగానే రేకను చేతుల్లోకి తోసింది, కోపంగానే లొట్టి వంచింది. అలవాటు చొప్పున మోకాళ్ళు వంగాయి. గొంతుక్కూర్చున్నాడు. రేక నిండింది.

నారాయణ రాయి మీదినుంచి లేచి వచ్చి ఎదురుగా బాసింపట్టు వేసుకున్నాడు. "ఆపనీకి మొగులన్న ఎట్లాగు లేడు. ఇగ జెప్పు సారూ. ఎవలు సచ్చిన్రు?"

"ఎవరూ చావలేదు!"

"మరి ఎందుకట్ల ఉంటవు?"

"ఎందుకు, ఎందుకు, ఎందుకు!" చక్రపాణి అరిచాడు. కల్లు ఎగిరి చొక్కా మీద పడింది. "నాకు తెలీదు! మనిషికి తెలియని సంగతి ఉండకూడదా? ప్రతిదానికీ కారణం రాసిచ్చి చావాలా?"

"తెల్వకుంటె తెల్వదను. దానికేంది?" అన్నాడు పర్వతాలు, గుడాల ఆకు దగ్గరకు లాక్కుంటూ. "అరుసుకో, నడిమిట్ల తాగు. ఇంకా ఒలికిపోతాంది."

అరిచాడు. స్టాండును తిట్టాడు. దీక్షిత్‌ను తిట్టాడు. మోకాలి నొప్పి తగ్గినందుకు మొగులయ్యను తిట్టాడు, ఆ తిట్టు అన్యాయమని తెలిసి ఇంకా గట్టిగా తిట్టాడు. తర్వాత, అమలాపురం పక్కన, బడినుంచి అరగంట ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి వీధి గుమ్మంలో నిలబెట్టి, ఎందుకు, ఎందుకు అని చీకటి పడేదాకా అడిగిన తండ్రిని తిట్టడం మొదలుపెట్టాడు. అక్కడికి ఎలా వచ్చాడో అతనికి తెలియలేదు.

"ఆగు, ఆగు," నారాయణ ముందుకు జరిగాడు. "గీయినె ఎవలు? ఎవని నాయిన?"