సోమవారం జడ

అఖిలకు రెండు జడలు వేసి, రిబ్బన్లు మడిచి కట్టి, దాన్ని వెంటబెట్టుకుని గద్వాల కోర్టుకు బయలుదేరాను. విడాకులకు నేనూ నరేందరూ ఒప్పుకున్నాం. ఇక తేలాల్సింది, పిల్ల ఏ రోజు ఎవరి దగ్గర ఉండాలన్నదే.

మధ్యవర్తి మేడం అడగ్గానే నరేందర్ అందుకున్నాడు. "ఆదివారాలు, పండుగలు నా తాన. మిగిలిన దినాలు తల్లి తాన ఉంటది."

ఎంత బాగా పంచాడమ్మా! జాతర ఆయనది, జ్వరం నాది. ఐస్‌క్రీములు ఆయనవి, తలలో పేలు నావి. ఎక్కాలు రాలేదని తిట్టే అమ్మను నేను, ముద్దుచేసే డాడీ ఆయన. కాపురమంతా ఇట్లాగే గడిచింది. మగ్గం మీద చీర ఆయన నేసేవాడు. ఆ చీరకు కావలసిన నూలంతా కండెలకు చుట్టి అందించింది నేను. "కండెలు చుట్టుడు గూడ ఒక పనేనా? ఇంట్ల ఊకె కూసునేటిదానివి" అనేది మా అత్త సుభద్రమ్మ. వచ్చినవాళ్లు చీర చూసి ఆయన పనితనాన్ని మెచ్చుకుంటుంటే నేను చాయ్ అందించేదాన్ని. ఒళ్లు మండిపోయేది. నవ్వుతూనే అందించేదాన్ని.

"సోమ, మంగళవారాలు గూడ ఆయన తాన్నే ఉండనియ్యుండ్రి మేడం" అన్నాను. "బడికి తయారు చెయ్యాలె, హోంవర్క్ చేపియ్యాలె. ఒక ఆదివారం ఆయనకు, ఒకటి నాకు. నాకు గూడ బిడ్డతోని ఆడుకోవాలనుంటది."

ఆయన పక్కనే కూర్చున్న అత్త లేచింది. "బిడ్డను వదిలించుకుంటున్నవా? నువ్వు తల్లివేనా?"

ఆ మాటకే కదా ఇన్నేళ్లూ భయపడ్డాను. సరే, అన్ని రోజులూ నా దగ్గరే అనేయబోయాను.

"నాకు జడలెయ్య రాదు" గొణిగాడు నరేందర్. "బడికెట్ల పంపుత?"

నాకు నవ్వొచ్చింది. మా గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచు పట్టు. రెండింటినీ పోగు పోగూ పెనవేసి నేయాలి. "అతుకు కనపడకుంట పట్టంచు కలుపుతవు. మూడు పాయలు అల్లుడు రాదా నీకు?"

అఖిల ఏమనుకుందో, ఒక రిబ్బను లాగేసి, జడ విప్పుకుని, వెళ్లి తండ్రి ముందు కూర్చుంది. "మూడు చెయ్యి డాడీ. పక్కది నడుమకు తే."

ఆయన వేళ్లు జుట్టులోకి వెళ్లాయి. "నొస్తుందా బిడ్డా?"

"జర."

ఆయన పట్టు వదులు చేశాడు. "ఇటియ్యిరా, నేనేస్త" అంటూ అత్త చేయి చాచింది.

"వద్దమ్మా. నేర్సుకుంట."

జడ వంకరగా దిగింది. సరిచేయడానికి నా చేతులు వాటంతటవే లేచాయి. వెనక్కి తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాను.

"రాయుండ్రి మేడం" అన్నాను. "సోమ, మంగళవారాలు బడికి గా జడతోనే పోతది."