ఎవడూ తీయలేని తాళం

తాళంచెవి తిరగలేదు.

తలుపు మాదే, తాళం మాదే, చెవి మాదే. ఎడమకి తిప్పాను, కుడికి తిప్పాను, కొంచెం బయటికి లాగి మళ్ళీ తిప్పాను. గోడకి చెప్పుకున్నా ఇంతకన్నా నయం. నా వెనక బ్యాంకు నుంచి వచ్చిన కొలతలాయన చంకలో ఫైలు, చేతిలో టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మర్యాదస్తుడే పాపం. మాటిమాటికీ గడియారం మాత్రం చూసుకుంటున్నాడు.

"ఇది మీ ఇల్లేనా అమ్మా?" అని చివరికి అడిగేశాడు.

నాకు ఒళ్ళు మండింది. కానీ నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకే అనుమానం వచ్చింది. రెండడుగులు వెనక్కి వేసి ఇంటి నంబరు చూశాను. కిటికీలో ఆరేసిన నా లాండ్రీ యూనిఫాం చూశాను. మా ఇల్లే. ఇంకా మా ఇల్లే.

"ఇంకా" అని ఎందుకంటున్నానో చెప్పాలి. మా ఆయన తాళాలు బాగుచేసే మనిషి. వీధిలో అందరూ మాస్టర్‌కీ అంటారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఓ మేడ మెట్ల కింద ఉన్న ఆయన కొట్టు పోయింది. కొత్త కొట్టు అద్దె ఆయన సంపాదనని మింగేసింది. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి నేను తెచ్చే జీతం ఇంటి ఖర్చులకే బొటాబొటిగా సరిపోతుంది. ఇంటి అప్పు వాయిదా ఒకసారి తప్పింది, ఇంకోసారి తప్పింది, ఆ తర్వాత తప్పడమే అలవాటైపోయింది.

ఇందులో ఒక తమాషా ఉంది. అప్పు కట్టలేనివాళ్ళ ఇళ్ళు బ్యాంకు స్వాధీనం చేసుకునేటప్పుడు, పాత తాళం ఊడదీసి కొత్తది బిగించడానికి పిలిచేది మా ఆయననే. ఇప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ పని వల్లే. "ఆ ఇళ్ళవాళ్ళు ఏమంటారండీ మిమ్మల్ని?" అని ఒకసారి అడిగాను. "నాకేం తెలుసు? నేను తాళం మీంచి తలెత్తను. తలెత్తితే చెయ్యి వణుకుతుంది" అన్నాడు.

మాకూ అదే బ్యాంకులో అప్పుందని ఆయన అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉన్న పని కూడా ఊడుతుందని భయం. బ్యాంకు నుంచి ఉత్తరాలు వచ్చాయి, విప్పలేదు. ఫోన్లు వచ్చాయి, ఎత్తలేదు. చివరికి తలుపుకి నోటీసు అంటించి పోయారు. అప్పుడు కూడా, "నువ్వేం కంగారుపడకు. నేను లోపలి మనిషిని. వీళ్ళ సంగతంతా నాకు తెలుసు" అన్నాడు. చివరి రోజున ఏం జరుగుతుందో ఆయనకి క్షుణ్ణంగా తెలుసు, కాదనను. ఆ రోజు రాకుండా ఏం చెయ్యాలో మాత్రం ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. కుడితిలో పడ్డ ఎలుకల్లా కొట్టుకుంటున్నాం.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆయనకి చెప్పకుండా నేనే బ్యాంకుకి వెళ్ళాను. తిట్లు తినడానికి సిద్ధపడి వెళితే, అక్కడి కళ్ళజోడావిడ కుర్చీ చూపించి, "ఇన్నాళ్ళూ ఏమైపోయారమ్మా? ఇన్ని ఉత్తరాలు రాశాం కదా!" అంది. గడువు పెంచి వాయిదా తగ్గించవచ్చట. తప్పిపోయిన వాయిదాలని చివర్లో కలపవచ్చట. అదీ కుదరకపోతే, వేలం దాకా రానివ్వకుండా మనమే మంచి ధరకి అమ్ముకుని అప్పు తీర్చేసుకోవచ్చట. ఏది చేసినా నోటీసు గడువు దాటకముందే చెయ్యాలట. ఆవిడ చెప్పింది సగం అర్థమైంది, సగం తలమీంచి పోయింది. దరఖాస్తు మీద సంతకం పెట్టేటప్పుడు కూడా ఇల్లు నిలబెట్టుకుంటున్నానో పోగొట్టుకుంటున్నానో నాకు తేలలేదు. గట్టిగా తెలిసిందల్లా ఒకటే. బ్యాంకు మనిషి వచ్చి ఇల్లు లోపలంతా చూసి రాసుకోవాలి. గడువులోపల ఆయనకి వీలున్న రోజు ఇవాళ ఒక్కటే.

అందుకని పనికి సెలవు పెట్టి ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాను. వస్తే తలుపు తెరుచుకోదు!

ఇంతలో ఆస్పత్రిలో మోకాలు చూపించుకుని అత్తయ్య వచ్చింది. నా అవస్థ చూసి, "నీ దగ్గరున్నది పాతదే అమ్మాయ్, ఇదిగో, ఇది పెట్టు" అని తన సంచిలోంచి వేరే చెవి తీసి ఇచ్చింది. అదీ తిరగలేదు.

"ఇదేంటి? నిన్ననే కదా ఇచ్చాడు వాడు!" అంది.

"నిన్న ఇవ్వడమేంటి అత్తయ్యా? తాళం ఎప్పుడు మారింది?"

అత్తయ్య కొలతలాయన వైపు చూసి, నన్ను పక్కకి లాగింది. "నీకు చెప్పొద్దన్నాడు, కంగారుపడతావని. నోటీసు వచ్చిన దగ్గర్నించీ మారుస్తూనే ఉన్నాడమ్మా. ఒకటి బిగిస్తాడు, తనే తీసి చూసుకుంటాడు, ఛీ ఇది సులువుగా వచ్చేసిందని మళ్ళీ ఇంకోటి. ఎవడూ తీయలేని తాళం చేస్తున్నాడట. ఇవాళ నేను వెళ్ళాక మళ్ళీ మార్చుంటాడు."

నా బుర్ర తిరిగిపోయింది. ఈమధ్య బేరాల్లేక ఆయన నాకంటే ముందే ఇంటికి చేరుతున్నాడు. నేను వచ్చేసరికి తలుపు తీసే ఉంటోంది. చెవి వాడే పనే పడలేదు.

"తాళం తీయలేకపోతే బ్యాంకువాళ్ళు ఇల్లు వదిలేసి పోతారా అత్తయ్యా?"

"నేనూ అదే అడిగాను. ఈ చుట్టుపక్కల వాళ్ళు పిలిచేది నన్నే కదమ్మా, నేను రానంటే ఎవడు తీస్తాడు అన్నాడు. వినడానికి నిజమే అనిపించింది. కాదూ?"

అవునో కాదో నాకూ తెలియలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరూ చూడట్లేదనుకుంటుందట. మా ఆయన తలుపు మూసుకుని అప్పు లేదనుకుంటున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఫోన్ తీశాను.

"ఏమండీ, వెంటనే ఇంటికి రండి. తాళం తీయాలి."

"ఎందుకు? ఎవరొచ్చారు?"

"బ్యాంకాయన."

అంతే, ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అత్తయ్య చేసినా ఎత్తలేదు. స్వాధీనానికి వచ్చారనుకున్నాడు మరి. ఇంటికి రాకుండా ఉండడమే ఆయన వేసుకున్న పథకం.

కొలతలాయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నాకు ఇంకో చోటికి వెళ్ళేది ఉంది. ఇల్లు తాళం వేసి ఉందని రాసేస్తాను. ఫైలు వెనక్కి పోతుంది."

"వెనక్కంటే ఎక్కడికండీ?"

"స్వాధీనం చేసుకునే సెక్షన్‌కి."

"ఒక్క టీ తాగేంతసేపు ఆగండి బాబూ" అని ఎదురుగా ఉన్న టైలరు కొట్లోకి పరిగెత్తాను. ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేసి, మా ఆయనకి ఫోన్ చేయించాను. షట్టర్ ఇరుక్కుందని, లోపల రేపు ఇవ్వాల్సిన పెళ్ళిబట్టలు ఉన్నాయని, రెండింతల కూలి ఇస్తానని, మా గుమ్మం ముందు ఎవరూ లేరని చెప్పించాను. కట్టుకున్న మొగుణ్ణి కూలికి పిలిపించుకున్న ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

టైలరు తెప్పించిన టీ కొలతలాయన సగం తాగేసరికి మా ఆయన సైకిలు మీద వచ్చాడు, భుజాన పనిముట్ల సంచితో. టైలరు షట్టర్ బార్లా తెరిచి ఉంది. అది చూశాడు, మా గుమ్మం ముందు నన్ను చూశాడు, నా పక్కన కొలతలాయన్ని చూశాడు. సైకిలు వెనక్కి తిప్పబోయాడు.

ఈలోపు కొలతలాయనే పలకరించాడు. "ఏంటయ్యా, నువ్విక్కడికొచ్చావేంటి? ఇవాళ ఈ ఇంటికి కొలతలే కదా. తాళం మార్చే ఆర్డరు ఇంకా రాలేదే!"

స్వాధీనం చేసుకున్న ఇళ్ళలో సామాన్లు రాసుకోవడానికి వెళ్ళేది కూడా ఈయనేనట. ఇద్దరూ కలిసి చాలా ఇళ్ళకి వెళ్ళారట. నా మొహం పాలిపోవడం చూసి, "కంగారుపడకండమ్మా, ఇతను మావాడే. పొరపాటున వచ్చుంటాడు" అన్నాడు.

"మీవాడు కాదండీ, మావాడు" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. నన్ను చూశాడు, మా ఆయన్ని చూశాడు. మా ఆయన తన చెప్పులకేసి చూస్తూ, "ఇది మా ఇల్లేనండీ" అన్నాడు.

టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక కొలతలాయన అటూ ఇటూ చూశాడు. మా ఆయన్ని చూస్తే నాకు కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. జాలికి తర్వాత తీరిక చేసుకోవచ్చని కోపంతోనే అడిగాను.

"కొత్త చెవి ఏదండీ?"

"కొట్లో. సొరుగులో ఉంది. సొరుగుకి నొక్కితే పడిపోయే తాళం వేశాను."

"ఆ సొరుగు తాళంచెవి?"

మా ఆయన తలుపు వైపు చూశాడు. "లోపల. మంచం కింద."

అత్తయ్య నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు రా! ఇదేనా నువ్వు గెలవడం?"

"ఆయన స్వాధీనానికి రాలేదు. ఇల్లు నిలబెట్టుకోవడానికి నేనే తీసుకొచ్చాను. లోపలికి వెళ్ళి చూడకపోతే ఇవాళే అంతా అయిపోతుంది. ఇక మీ ఇష్టం" అన్నాను.

మా ఆయన సంచిలోంచి డ్రిల్లు తీసి, టైలరు కొట్లోంచి వైరు లాక్కొచ్చి, తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ఆ చప్పుడుకి వీధంతా బయటికి వచ్చింది. బ్యాంకు ఫైలు, డ్రిల్లు, గుమ్మం బయట మేము. ఎవరికైనా ఏమనిపిస్తుంది? పక్కింటావిడ కుర్చీ తెచ్చి అత్తయ్యకి వేసి, "పాపం, ఈ వయసులో" అంది.

"ఎవరే పాపం? మా తలుపు మేం పగలగొట్టుకుంటున్నాం, నీకేంటి?" అని అత్తయ్య కసిరింది. కసిరింది కానీ కుర్చీలో కూలబడింది.

నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇది మంచికే జరుగుతోందని తెలుసు. అయినా డ్రిల్లు తలుపులోకి దిగుతుంటే, ఇదంతా నాటకమని, ఇవాళ నిజంగానే మమ్మల్ని బయటికి పంపేస్తున్నారని, నాకొక్కదానికే చెప్పలేదని అనిపించింది. ఆయన ఒకసారి చెయ్యి ఆపి వెనక్కి తిరిగాడు. తాళం మీంచి తల ఎత్తి, అత్తయ్యని, నన్ను, జనాన్ని చూశాడు. ఆయన చెయ్యి వణకడం నాకు కనిపించింది.

ఎవడూ తీయలేని తాళం, టీ పూర్తిగా చల్లారకముందే ఊడి కిందపడింది.

కొలతలాయన అన్ని గదులూ కొలిచాడు, గోడలు తట్టి చూశాడు, ఫోటోలు తీశాడు. ముందు గదిలో ఆగి, "ఇది వీధి వైపే ఉంది కదా. కొట్టు ఇక్కడే పెట్టుకుంటే అక్కడి అద్దె మిగులుతుంది. ఆ మాట దరఖాస్తులో రాయండి. కట్టగలిగే దారి ఉందని కనిపిస్తే పైవాళ్ళు వింటారు" అన్నాడు. ఇన్నేళ్ళూ ఆ గదిలో మేం కూర్చున్నాం, నడిచాం, పోట్లాడుకున్నాం. ఆ ఆలోచన ఒక్కరికీ రాలేదు.

ఆయన వెళ్ళబోతుంటే మా ఆయన అడిగాడు. "సార్, మనం తాళాలు వేసిన ఇళ్ళవాళ్ళకి, ఇలా అడగొచ్చని ఎవరైనా చెప్పారా?"

"ఉత్తరాల్లో రాస్తాం. విప్పరు. ఫోన్ చేస్తాం. ఎత్తరు." కొలతలాయన ఫైలు చంకలో సర్దుకున్నాడు. "అడిగినా కొందరికి కుదరదులే. కొందరికి కుదిరుండేది."

"ఎవరికి?"

"ఇప్పుడెలా చెప్పగలం?"

ఆ సాయంత్రం తలుపుకి పడ్డ బొక్కలోంచి వీధి దీపం వెలుగు నేల మీద పడుతోంది. తాళం లేదు. మా ఆయన ఆ బొక్కకేసి చూస్తూ కూర్చున్నాడు. నేను తిట్టాల్సినవన్నీ వరసగా పేర్చుకుని వచ్చాను. ఆ మొహం చూశాక ఒక్కటీ నోట రాలేదు. వేరేదేదో అడిగాను.

"మీరు తాళం వేస్తుంటే ఆ ఇళ్ళవాళ్ళు ఎక్కడ నిలబడేవారు?"

"తెలీదు" అన్నాడు. "నిజంగా తెలీదే."

మా దరఖాస్తు ఒప్పుకున్నారు. వాయిదా తగ్గింది, ఏళ్ళు పెరిగాయి. అది లాభమో నష్టమో కాగితం మీద వేసి చూసినా నాకు తేలలేదు. ముందు గది ఇప్పుడు తాళాల కొట్టు. ఇంటి చెవులన్నీ నా దగ్గరే ఉంటాయి.

మళ్ళీ బ్యాంకు నుంచి ఆయనకి ఫోన్ వచ్చింది, ఎక్కడో ఒక ఇంటికి తాళం మార్చాలని. వెళ్ళనని అంటాడేమో అనుకున్నాను. వెళ్ళాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి, సంచి దించకుండానే గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఆ ఇంటివాళ్ళు గోడ పట్టుకుని నిలబడ్డారు" అన్నాడు. "నీలాగే."

"మీరేం చేశారు?"

"తాళం వేశాను. వేశాక, బ్యాంకుకి వెళ్ళి అడగండి, వేలం దాకా ఇంకా టైముందేమో అన్నాను. ఆ ఇంటాయన నన్ను కొట్టబోయాడు. ఆవిడ మాత్రం ఎవరిని అడగాలి అంది. కళ్ళజోడావిడని అన్నాను." సంచి కింద పెట్టాడు. "ఇంకా టైముందంటావా?"

నాకేం తెలుసు? తెలీదనే చెప్పాను.