సందువైపు కిటికీ

కార్తీకంలో గాలీ వానా ఎక్కువైన ఒక పగటిపూట, ఇంటి యజమాని బాలకృష్ణన్ మేడ మీద బట్టలారేసే వెదురుకర్ర కట్టు తెంపుకొని జారింది. రెండిళ్ళ మధ్య సందులోకి నిలువునా దిగుతూ, పోతూ పోతూ కింది గది కిటికీ అద్దాన్ని పొడిచి పోయింది. ఆ గదిలో అద్దెకుండేది మాలకొండయ్య. అంబత్తూరులో పని దిగి, రైలెక్కి పెరంబూరు చేరి, తాళం తీసి చూసేసరికి పొయ్యిగట్టు నిండా గాజుపెంకులు.

అది తెరుచుకునే కిటికీ కాదు. ఆ వీధి ఇళ్ళూ వెనక వీధి ఇళ్ళూ వీపులు ఆనించుకుని కూర్చున్నట్టుంటాయి. మధ్య సందులో మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టడు. రెక్క తెరిస్తే అవతలి గోడకు కొట్టుకుంటుందని, ఇల్లు కట్టిన నాడే ఊచల వెనక పూల నగిషీ ఉన్న మసకద్దం ఒకటి చట్రంలో బిగించేశారు. దాని గుండా వెలుతురు వచ్చేది. ఇంకేమీ వచ్చేది కాదు.

మాలకొండయ్యది కనిగిరి అవతల పల్లె. భార్య పోయిన ఏడాదికే బోరు ఎండిపోతే గేదెల్ని తోలేసి, బావమరిది మాట మీద మద్రాసు రైలెక్కాడు. బోల్టులు అట్టపెట్టెల్లో సర్ది టేపు అంటించడం అతని పని. ఆ పని చూపించిన బావమరిది ఈ ఊరి నీళ్ళు పడలేదంటూ తిరిగిపోయాడు, ఇతను ఉండిపోయాడు. ఊళ్ళోనూ అతను పెద్ద మాటకారి కాదు. అయితే అక్కడ అతను మాట్లాడకపోయినా చుట్టూ మాటలుండేవి. రచ్చబండ మీదో, పాలకేంద్రం దగ్గరో నలుగురి మధ్య కూర్చుని ఊరుకునేవాడు. ఇక్కడ ఊరుకోవడానికి కూడా పక్కన ఎవరూ లేరు. ఆదివారం కూతురు ఫోను చేస్తే చెవిన పడే నాలుగు మాటలే తెలుగు. మిగతా వారమంతా అరవం వానలా కురుస్తుంటే తాను చూరు కింద నిలబడ్డట్టుండేది.

అద్దం పగిలిన మర్నాటి పొద్దున బియ్యం కడుగుతున్నాడు. సందు అవతలి నుంచి ఒక ఆడగొంతు వినబడింది.

"పొంగతావా? పొంగు పొంగు. నువ్వు గూడా నా మాట వినబాక."

పాలతో మాట్లాడుతోంది. మాలకొండయ్య చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. కుళాయి కట్టేస్తే చప్పుడవుతుందని కట్టెయ్యలేదు. గిన్నె నిండి, నీళ్ళతో పాటు బియ్యం కూడా కొంత పొర్లిపోయింది.

తర్వాత కొన్నాళ్ళు విన్నాడంతే. ఆమె పాలను తిట్టేది, మిక్సీని బతిమాలేది, ఎగిరి పడిన ఆవగింజను పేరు పెట్టి పిలిచేది. ఆ సందడి ఏ వేళకు మొదలవుతుందో చూసుకుని తన పొయ్యి ఆ వేళకే వెలిగించేవాడు. ఒక సాయంత్రం చేతిలో మూత జారి పడింది. అవతల గరిటె చప్పుడు ఆగింది.

"ఎవురది ఆడ?"

అతను మూత తీసి గట్టు మీద పెట్టాడు.

"మనిషా, ఎలకా?"

"మనిషినేనమ్మా," అన్నాడు చివరికి.

ఆమె గొంతు కిటికీకి దగ్గరగా వచ్చింది. "తెలుగాళ్ళా? ఇన్నాళ్ళూ ఈడే ఉండి, నోరు అద్దెకిచ్చినావా ఏమి?"

అలా మొదలైంది. ఆమెను వీధంతా మునియక్క అంటారట. తాతలది చిత్తూరు పక్క, ఆమె మాత్రం పెరంబూరులోనే పుట్టి పెరిగింది. భర్త రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి పోయాడు. కొడుకు, కోడలు ఉద్యోగస్తులు. ఇంట్లో అందరిదీ అరవమే. అమ్మతోనూ మొగుడితోనూ మాట్లాడిన తెలుగు వాళ్ళతోనే పోయిందనీ, మిగిలింది పాలగిన్నెకు ఖర్చు పెడుతున్నాననీ చెప్పింది. ఆమె చెప్పడం, అతను ఊ కొట్టడం. ఎవరు పెద్దో తెలియకపోయినా ఆమె అన్నా అంది, అతను అక్కా అన్నాడు. రెండు కిటికీలూ ఎదురెదురుగా లేవు, ఆమెది కాస్త కిందికీ పక్కకూ ఉంది. అందుకని మొహం కనబడేది కాదు. గాజులున్న చెయ్యి ఒకటి, దాని వెనక గోడ మీద కదిలే నీడ, అంతే. ఆ చెయ్యి ఒక్కోసారి పొడుగుకాడ గరిటె చివర మాగాయ ముక్క పెట్టి, ఊచల మధ్య నుంచి సందు దాటించేది.

ఒక రోజు ఆమె కూరేమిటని అడిగితే, గోంగూరను తమ పల్లెలో పిలిచినట్టే గోగాకు అన్నాడు.

"ఇంగోసారి చెప్పు," అంది.

"గోగాకక్కా. గోగాకు పచ్చడి."

"మా అమ్మ మాట అది. ఈడ పుళిచ్చకీర అంటారు. ఆ మాట విని ఎన్నేండ్లయిందో." ఇంకేదో చెప్పబోయి ముక్కు చీదుకుంది. ఉల్లిపాయలు తరుగుతున్నానంది. ఆ పూట ఉల్లిపాయల వాసన రాలేదు.

బాలకృష్ణన్ మంచివాడు. తన కర్రే అద్దం పగలగొట్టిందని నొచ్చుకుని, దోమలొస్తాయి, ఎలకలొస్తాయి అంటూ కనబడినప్పుడల్లా అనేవాడు. ఒక ఆదివారం అద్దాలు బిగించే తంగరాజ్‌ను వెంటబెట్టుకుని వచ్చి, అతన్ని గదిలో వదిలి పైకి పోయాడు. తంగరాజ్ చట్రంలో మిగిలిన పెంకుల్ని పటకారతో ఊడలాగి, పాత లప్పం గీకి, టేపు పెట్టి కొలత తీసుకున్నాడు. "నాళైక్కి," అన్నాడు, రేపని.

ఆ మాట మాలకొండయ్యకు తెలుసు. అద్దం పడితే ఆ గొంతు పోతుంది. వద్దని చెప్పాలి. ఎందుకు వద్దో చెప్పకుండా చెప్పాలి. తనకున్న అరవమంతా కూడగట్టుకున్నాడు. లేదు అనడానికి ఇల్ల అంటారని రూఢిగా తెలుసు. దాని ముందు మాట తెలియక తన తెలుగు మాటే పెట్టుకున్నాడు.

"అవసరం ఇల్ల," అన్నాడు.

తంగరాజ్ టేపు వదిలేసి తల తిప్పాడు. "అవసరం ఇల్లయా సార్?"

"ఇల్ల. అవసరం ఇల్ల."

తంగరాజ్ మొహం విచ్చుకుంది. చెయ్యెత్తి దణ్ణం లాంటిది పెట్టి, రొంబ నల్లదు సార్, చాలా మంచిదని, అంటూ సంచీ సర్దుకున్నాడు. పని పోయినవాడు ఇంత సంబరపడతాడా అని మాలకొండయ్యకు ఒక్క క్షణం అనుమానం తగిలింది. తన మాట ఎదుటివాడికి అందిందన్న సంతోషంలో దాన్ని పట్టించుకోలేదు. వచ్చి ఇన్నాళ్ళయ్యాక మొదటిసారి ఈ ఊళ్ళో ఒక పని నోటితో సాధించాడు.

ఆ సాయంత్రం మునియక్కకు చెప్పాడు, అద్దం వద్దని పంపేశానని. ఎందుకని ఆమె అడగలేదు. దోమలు పీక్కుతింటే నన్ను తిట్టబాక అంది. గొంతులో నవ్వు దాగలేదు. ఆ రోజు గరిటె రెండుసార్లు సందు దాటింది.

వానలు వెనకబట్టాయి. ఆమె అతనికి చారు పెట్టడం నేర్పింది, అతను ఆమెకు సజ్జరొట్టె తట్టడం మాటల్లోనే చూపించాడు. అరచేతికి నూనె రాసుకోమంటే, ఎంత రాసుకోవాలని అడిగేది. చెప్పడానికి అతనికి మాట దొరికేది కాదు. నీ ఇష్టమక్కా అనేవాడు. నా ఇష్టమైతే నిన్నెందుకు అడిగేది అని ఆమె విసుక్కునేది. ఫ్యాక్టరీలో టేపు అంటిస్తూ, సాయంత్రం చెప్పాల్సిన మాట ఒకటి ముందే ఏరుకుని పెట్టుకోవడం అలవాటైంది. రైలు కిటికీలోంచి చూసిన కొంగల గుంపో, పెట్టెలో దూరిన తొండో. అంత చిన్న సంగతి ఇంకెవరికీ చెప్పేది కాదు.

ఒక బుధవారం తాళం తీస్తే గదిలో కొత్త లప్పం వాసన. కిటికీలో అద్దం.

పాతదాని కంటే మందం. నగిషీ కూడా కొత్త రకం, నీటి బొట్లు కారినట్టు. పొయ్యిగట్టు శుభ్రంగా తుడిచి ఉంది. అవతల లైటు వెలిగింది కాబోలు, అద్దం మీద పసుప్పచ్చ మరక ఒకటి పరుచుకుంది. మరకలో ఏదో కదిలింది. మాలకొండయ్య దగ్గరకు పోయి చెవి పెట్టాడు. కుక్కరు కూత సన్నగా వినబడింది. మాట వినబడలేదు. అక్కా అని పిలిచాడు. గట్టిగా ఇంకోసారి పిలిచాడు. మరక అటూ ఇటూ తిరిగి చిన్నదై పోయింది.

మేడ మీదికి పోయాడు. బాలకృష్ణన్ తలుపు తీసి, ఎలా ఉంది అద్దం అని కనుబొమలతోనే అడిగాడు. ఆయనకు తెలుగు కొంచెం వచ్చు, కూడబలుక్కుని మాట్లాడతాడు. నేను వద్దన్నాను గదా సార్, అవసరం ఇల్ల అన్నాను గదా అన్నాడు మాలకొండయ్య.

"అదే. నువ్వు అవసరం ఇల్ల చెప్పినావు, వాడు మెల్లిగా వచ్చినాడు. నీ మాదిరి ఓపిక ఉండే మనిషిని చూడలేదు అని వాడు చెప్పె. నా దగ్గర ఉండే తాళం చావి ఇచ్చి నేనే తెరిపించినా."

మాలకొండయ్యకు అర్థం కాలేదు.

"అవసరం అంటే అర్జెంటు," అన్నాడు బాలకృష్ణన్. "మా అరవంలో. మీ తెలుగులో వేరేనా?"

మెట్లు దిగుతుంటే ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు అవసరం అవసరం అని అరిస్తే తాను ఏం కావాలో అడుగుదామని దగ్గరకు పోవడం, ఆయన తల కొట్టుకోవడం, పక్కవాళ్ళు నవ్వడం. అవన్నీ పోనీ. మునియక్క ఏమనుకుని ఉంటుంది? వద్దని పంపేశానని తానే చెప్పాడు. ఆమె పొయ్యి ముందు నిలబడి ఉండగానే తంగరాజ్ వచ్చి అద్దం బిగించి ఉంటాడు. ఆమె మాటలకు విసుగుపుట్టి కప్పించుకున్నాడనుకోదూ. అనుకుంటే ఆ గొంతు మళ్ళీ ఎప్పుడూ ఇటు తిరగదు.

చెప్పి రావాలి. అయితే ఆమె ఇంటి వాకిలి అతను ఎన్నడూ చూడలేదు. అది వెనక వీధిలో ఉంటుంది. చొక్కా మార్చుకుని, మలుపు తిరిగి ఆ వీధిలోకి పోయాడు. ముందు నుంచి చూస్తే అన్ని ఇళ్ళూ ఒకేలా ఉన్నాయి, ముగ్గు, ఇనప గేటు, గేటుకు ఆనించిన స్కూటరు. తలెత్తి కప్పుల మీదుగా చూస్తూ నడిచాడు. ఒక చోట బాలకృష్ణన్ నల్లరంగు నీళ్ళ ట్యాంకూ, దాని పక్కన ఆయన గళ్ళ లుంగీ కనిపించాయి. వాటికి సూటిగా ముందున్న ఇంటి గేటు తీశాడు.

ముప్పై ఏళ్ళ అమ్మాయి తలుపు తీసింది. మెడలో ఆఫీసు కార్డు ఇంకా తియ్యలేదు. కోడలు జెబ అయ్యుంటుందనుకున్నాడు, మునియక్క ఆ పేరు అంటుండేది. ఎవరు కావాలని ఆ అమ్మాయి అరవంలో అడిగింది. మునియక్క అన్నాడు. అమ్మాయి అతన్ని కింది నుంచి పై దాకా చూసి, లోపలికి తిరిగి అత్తై అని పిలిచింది.

చెయ్యి తుడుచుకుంటూ ఒకామె వచ్చింది. పొట్టి మనిషి, గొంతు కంటే వయసు చాలా పెద్దది, తలంతా నెరిసి ఉంది. అతన్ని చూసింది. గుర్తుపట్టలేదు. ఆ గాజులు మాత్రం అతనికి తెలుసు.

"అక్కా, అద్దం నేను వెయ్యమనలా," అన్నాడు. "మాట తప్పిపోయింది. వాళ్ళ భాషలో ఇంకోటి అర్థమంట."

గొంతు విన్నాక ఆమె కళ్ళు కదిలాయి. పెదవి కూడా కదలబోయి ఆగింది. పక్కనున్న కోడలి వైపు చూసింది. హాల్లో కొడుకు టీవీ సౌండు తగ్గించి, యారు మా, ఎవరని, అడిగాడు.

అప్పుడు ఆమె అరవంలో మాట్లాడింది. గబగబా, సన్నగా, మాలకొండయ్య ఎప్పుడూ వినని గొంతుతో. వెనకింట్లో అద్దెకుండే మనిషి, మన గరిటె ఏదో వాళ్ళ సందులో పడిందట, చెప్పడానికొచ్చాడు. అతనికి అంత వరకు అందింది. ఆ ఇంట్లో ఆమె ఈ గొంతుతో బతుకుతోంది. పొయ్యి దగ్గర మాటలు పొయ్యి దగ్గరే ఉండాల్సినవి. వాటిని తాను చొక్కా మార్చుకుని మరీ తెచ్చి, వీధి వాకిట్లో పెట్టాడు.

గరిటె దొరికితే పారెయ్యమనండి అని జెబ నవ్వింది. మాలకొండయ్య తలూపాడు. కొడుకు లోపలి నుంచి ఏదో అడిగితే జెబ అటు పోయింది.

మునియక్క తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. ఒక అడుగు గడప ఇవతలికి వేసింది.

"పొయ్యి కట్టేసే వచ్చినావా?" అంది తెలుగులో, మెల్లిగా.

"ఇంకా వెలిగించలేదక్కా."

"వెలిగించి రెండు మెతుకులు ఉడకేసుకో. ఉపాసం పడుకోబాక."

ఊ అన్నాడు. ఆమె ఇంకొక్క మాట కోసం చూసినట్టనిపించింది. కొంగల సంగతి, తొండ సంగతి, రోజూ ఏరుకుని పెట్టుకునేవి ఏవీ అతనికి నోటికి రాలేదు. ఎదురుగా మనిషి మొహం ఉండగా మాట్లాడడం అతనికి ముందు నుంచీ రాదు. ఆమె తల ఒకసారి ఊపి రెక్క మూసింది. గొళ్ళెం మెల్లిగా పడింది.

గేటు దగ్గర కాసేపు నిలబడ్డాడు. లోపల ఆమె అరవంలో కోడలికి ఏదో చెబుతోంది. జెబ నవ్వుతోంది, ఆమె కూడా నవ్వింది. టీవీ సౌండు మళ్ళీ పెరిగింది. స్కూటరు తీసుకోవడానికి కొడుకు బయటికొస్తే బాగుండదని, మాలకొండయ్య గేటు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి, వచ్చిన దారినే మలుపు వైపు నడిచాడు.