ఎర్రలు తీసేసిన వాలు

నూకరత్నానికి ఉన్నదంతా కోరుకొండ అవతల గుట్టవాలు మీద అరెకరం. నిలబడితే కాలు జారేంత వాలు. అందులో నలభై జీడిమొక్కలు బతికించుకుంది. ఎలా బతికించిందో ఆమె నడుముకే తెలుసు.

వాలు కింద గున్నేశ్వరరావు నర్సరీ. కడియం నుంచి వచ్చిన మనిషి, నోరు మహా తీపి. మొక్కల కవర్లలోకి ఎర్రమట్టి చాలక, ఆమె మట్టి ఇమ్మని రెండుసార్లు అడిగాడు. ఇవ్వనంది. మూడోసారి మట్టి ఊసే ఎత్తలేదు.

తొలకరి పడ్డ మర్నాడు వాలెక్కి వచ్చి, మొక్కల మొదళ్లలో ఎర్రలు తోడిపోసిన మట్టి ఉండలు చూపించాడు. వానపాముల్ని అక్కడ ఎర్రలనే అంటారు.

"చూశారా పిన్నిగారూ, ఇవి మట్టిని పైకి తోడతాయి, వాన దాన్ని లాక్కుపోతుంది. ఇలా వదిలేస్తే మీకు రాయే మిగుల్తుందండి."

ఉండలు కరిగి జారడం ఆమె కళ్లారా చూసిందే. అందుకే నమ్మింది. ఆ ఎర్రల బొరియల్లోంచే వాననీరు నేలలోకి ఇంకుతోందని పైకి కనిపించదు కదా. గున్నేశ్వరరావుకి మాత్రం తెలుసు. తెలిసే సగం చెప్పాడు, దుర్మార్గుడు.

పని కూడా ఆమె చేతే చేయించాడు. ఆమె గోదారి గట్టున గాలాలు వేసే ఇంట పుట్టింది. కుంకుడురసం పోస్తే ఎర్రలు పైకొస్తాయని చిన్నప్పుడే నేర్చుకుంది. వారం రోజులు బిందెలతో రసం మోసి, మెలికలు తిరుగుతూ వచ్చినవాటిని ఏరి బకెట్లకెత్తింది.

"పారేయకండి, మా ఎరువు గుంటలో వేసుకుంటాం" అన్నాడతను. ఆమె దణ్ణం పెట్టి మరీ ఇచ్చింది.

బొరియలు ఒక్కొక్కటే పూడిపోయాయి. ఉండలు కనిపించడం లేదని ఆమె మురిసిపోయింది.

దసరా వెళ్లాక తుపాను వచ్చింది. నీళ్లకి లోపలికి దారి లేదు. వాలు పైపొరని ఒలుచుకుంటూ దిగిపోయాయి. తెల్లారేసరికి పైన రాయి తేలింది. మట్టి, మొక్కలు గున్నేశ్వరరావు పెరట్లో ఉన్నాయి.

"అది నా మట్టండి" అంది నూకరత్నం.

"కాదన్నానా పిన్నిగారూ? మోసుకెళ్లండి. తట్ట కూడా ఇస్తాను."

సాయంత్రం దాకా మోసింది. పోసిన మట్టి పోసినట్టే రాయి మీంచి జారి, ఆమె కంటే ముందే కిందికి చేరింది. అతను కుర్చీ వేసుకుని చూశాడు.

రెండోనాటికి ఇంట్లో బియ్యం లేవు. కవర్లు నింపే ఆడవాళ్ల వరసలో కూర్చుంది.

"గట్టిగా నొక్కండి పిన్నిగారూ" అన్నాడు వెనక నుంచి. "మంచి మట్టి."

నూకరత్నం నొక్కింది.