ఇంటిబుట్ట

సరుకు రైలు ఆగే చోట ఉన్న షెడ్డులో టమాటాలు ఏరే బల్ల దగ్గర వదినగారిదే పెత్తనం. అక్కడ పనిచేసేవాళ్లందరికీ, చివరికి ఆమెకంటే పెద్దవాళ్లకు కూడా, ఆమె వదినగారే. కాయను చేతిలో ఒక్కసారి తిప్పి చూసేది. దోరగా ఉంటే పట్నం పెట్టెలోకి, బాగా పండితే పక్కనున్న ఇంటిబుట్టలోకి. పాత బండి నత్తనడక నడిచేది కాబట్టి పండినవి ఎక్కిస్తే దారిలోనే చితికిపోయేవి. అందుకని ఎర్రనివన్నీ షెడ్డు వాళ్లే పంచుకుని ఇళ్లకు పట్టుకెళ్లేవారు.

ఇప్పుడు కొత్త బండి వచ్చింది. సాయంత్రం ఎక్కిస్తే తెల్లారేసరికి పట్నం మార్కెట్లో దిగుతుంది. అక్కడ దుకాణం నడిపే మరిది, అంటే ఆమె చెల్లెలి మొగుడు, ఇకమీదట పండినవే పంపమని ముందే చెప్పాడు. వదినగారు సరేనంది. అని, హాయిగా దోరకాయలే పంపింది.

మర్నాడు మరిది ఫోనులో నిప్పులు చెరిగాడు. మరోసారి ఇలా జరిగితే సరుకు వేరేచోటి నుంచి తెప్పించుకుంటానని తెగేసి చెప్పాడు. అతను కొనకపోతే షెడ్డు మూతపడ్డట్టే. అలవాటుకొద్దీ పొరపాటైందని ఆమె సర్దిచెప్పింది.

పొరపాటూ లేదు, పాడూ లేదు. ఎర్రనివన్నీ రైలెక్కిపోతే ఇంటికేం మిగులుతుందన్నదే ఆమె బెంగ. మరిది పట్నంలో పుట్టి పెరిగినవాడు, ఈ పక్కకు ఎన్నడూ రాలేదు. పట్నంలో కలిసినప్పుడల్లా టమాటాకు రంగే గానీ రుచెక్కడిదని వేళాకోళం చేసేవాడు. చెల్లెలు ఎంత చెప్పినా నమ్మేవాడు కాదు. వదినగారు మాత్రం లోలోపల నవ్వుకుంటూ అవునవునని వంతపాడేది.

కానీ షెడ్డునే నమ్ముకున్నవాళ్ల పొట్ట ఎలా కొడుతుంది! ఆ సాయంత్రం పళ్లు బిగబట్టి, పండినవన్నీ పెట్టెలకెత్తించింది. ఇంటికి పచ్చికాయలు పట్టుకెళ్లి, ముసుగుతన్ని పడుకుంది.

పొద్దున్నే ఫోను మోగింది. ఈసారి తిట్లు లేవు, ఏదో జుర్రుకుంటున్న చప్పుడు.

"వదినా, ఇన్నేళ్లూ ఇవి మీరే తిన్నారా?"

దారిలో చితికిపోయేవని చెప్పి తప్పించుకోవచ్చు, అదీ నిజమే. కానీ ఎందుకో నోరు రాలేదు.

"ఆ, మేమే తిన్నాం."

"మరి నేను రుచి లేదంటే అవునన్నారే?"

"కాదంటే ఇక్కడికొచ్చి కూర్చుంటావని."

అతను పగలబడి నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇవాళ కూడా పంపుతారుగా అని అడిగాడు. దుకాణదారు అడిగినట్టు లేదు, అన్నం దగ్గర చిన్నపిల్లాడు మారడిగినట్టు ఉంది. వదినగారికి వాడి మీద ప్రేమ ముంచుకొచ్చింది. పంపుతానని మాటిచ్చింది.

సాయంత్రం బల్ల దగ్గర, ఆ రోజు సరుకంతటిలోకీ బాగా పండిన కాయ ఆమె చేతికొచ్చింది. తిప్పింది. మళ్లీ తిప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు పని ఆపి చూస్తున్నారు. ఎంత ప్రేమ ఉన్నా దానికీ ఒక హద్దుంటుంది. అందరి ముందూ నిలబడి ఆ ఒక్కటీ కొరుక్కుతినేసి, చెయ్యి తుడుచుకుని, మిగతావన్నీ మరిదికి ఎక్కించింది.