కెంపు సముద్రం ఆఖరి అధ్యాయం

భీమశంకరరావు తన నవల అచ్చయి వచ్చిన రోజున ఆఫీసుకి సెలవు పెట్టాడు. అది 1982 వేసవి. అతనిది కోనసీమ. పోర్టులో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం దొరికి పదకొండేళ్ల కిందట విశాఖపట్నం వచ్చాడు. వారమంతా జెట్టీల నక్షాలు గీసేవాడు. ఆదివారాలు తలుపు వేసుకుని కథ రాసుకునేవాడు. అలా రెండేళ్లు రాసిన నవల పేరు ‘కెంపు సముద్రం’. తన అసలు పేరు బయటపడకుండా రచయిత పేరు ‘శంకరాభ’ అని వేయించుకున్నాడు.

మద్దిలపాలెంలో తన అద్దె గదిలో కూర్చుని మొదటి పేజీ నుంచి చదవసాగాడు. నేల అన్నదే లేని గ్రహం. చుట్టూ ఎర్రటి సముద్రం. మనుషులు పడవల మీదే పుట్టి పడవల మీదే పోతారు. విభుడు పడవ నడుపుతాడు, కేతనుడు దీపం చూసుకుంటాడు. తుఫాన్లు దాటి, ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకుని, తను రాసిన ముగింపులో ఇద్దరూ పడవల పెద్దల ముందు నిలబడి “మాది ఒకే పడవ” అని చెబుతారు. ఆ లోకంలో పెళ్లికి వాడే మాట అది.

కానీ అచ్చులో ఆఖరి అధ్యాయం తను రాసింది కాదు. గాలికి కేతనుడి తలపాగా ఊడిపోయింది. పొడుగాటి జుట్టు జారింది. కేతనుడు నిజానికి మారువేషంలో ఉన్న రాకుమారి కేతకి. విభుడు ఆమె మెడలో ముత్యాల దండ వేశాడు. శుభం.

భీమశంకరరావు దాన్ని రెండుసార్లు చదివాడు. బెజవాడలో ఉన్న ప్రచురణకర్తకి ఉత్తరం రాశాడు. పది రోజులకి కార్డు వచ్చింది. “మీ ముగింపు పాఠకులు ఒప్పుకోరు. ఇవి కుటుంబాలు చదివే పుస్తకాలు. మేము మార్చబట్టే నవల నిలబడింది. తరువాతి నవల త్వరగా పంపగలరు.”

ఆ బాధ చెప్పుకోవడానికి మనిషి లేడు. చెప్పాలంటే ఆ ముగింపు తనకి ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ముప్పై ఆరేళ్లొచ్చినా పెళ్లి ఎందుకు చేసుకోలేదో చెప్పాలి. ఆ సంగతి అతను కన్నతల్లికి కూడా చెప్పలేదు.

మద్దిలపాలెం బస్సు డిపో వెనక కామేశ్వరి అనే ఆవిడ తన ఇంటి ముందుగదిలో అద్దె పుస్తకాల లైబ్రరీ నడిపేది. భర్త బస్సు కండక్టరు. తను చదవని పుస్తకం ఆమె ఎవరికీ ఇచ్చేది కాదు. ‘కెంపు సముద్రం’ రెండు కాపీలు తెప్పించింది. భీమశంకరరావు శనివారం నాడు ఒక కాపీ తెచ్చుకున్నాడు. ఆదివారం చిత్తుప్రతి ముందు పెట్టుకుని, నక్షాల మీద రాసే ఇండియన్ ఇంకుతో, అచ్చులాంటి అక్షరాలతో అసలు అధ్యాయం పద్నాలుగు పేజీలు రాశాడు. పుస్తకం సైజుకి కత్తిరించి, మైదా జిగురుతో అచ్చు పేజీల మీద అతికించాడు. సోమవారం ఏమీ ఎరగనట్టు ఇచ్చి వచ్చాడు. ఊళ్లో ఒక్క కాపీ అయినా తను రాసినట్టు ఉండాలనిపించింది, అంతే.

మూడు వారాల తర్వాత కామేశ్వరి అతన్ని ఆపింది.

“బాబూ, కెంపు సముద్రం మీరు పట్టుకెల్లినది ఏ కాపీ?”

“గుర్తు లేదండి.”

“నాకు తెలుసు. ఈ రిజిస్టర్లో మీ అడ్రసు మీరే రాసినారు. ఇక్కడ ‘శ’ ఎలా సుట్టినారో ఆ పేజీల్లోనూ అలాగే సుట్టినారు.”

భీమశంకరరావు గబగబా సైకిలెక్కి వెళ్లిపోయాడు. నెల రోజులు ఆ వీధి వైపే పోలేదు. ఆఫీసులో ఎవరైనా నవ్వితే తన గురించేననుకునేవాడు.

ఒక ఆదివారం పొద్దున్న పది గంటలకి కామేశ్వరి గొడుగు వేసుకుని అతని గదికే వచ్చింది.

“ఎవులికీ సెప్పలేదు. ముందు ఆ మాట సెప్పి కూకుంటాను,” అంది.

అతను కుర్చీ జరిపాడు. “మీ పుస్తకం పాడుచేశాను. కొత్త కాపీ తెచ్చిస్తానండి.”

“కొత్తది నానేటి సేసుకుంటాను? రెండూ సదివినాను బాబూ. మూడో అధ్యాయంలో మీసం దువ్వుకున్నోడు ఆకర్న ఆడది ఎలా అయిపోతాడు? అచ్చేసినోలు ఆ మీసం సంగతే మర్సిపోనారు. మీరు రాసిందే సరిగ్గుంది.” గొడుగు గోడకి ఆనించి మళ్లీ అంది. “ఇలాటి మనుసులు ఉంటారని నాకు తెల్దు. ఉంటే ఇలాగే ఉంటారని మాత్రం సదూతంటే నమ్మకం కలిగింది.”

భీమశంకరరావు కిటికీ వైపు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నాడు. తుడవడం చాలాసేపు పట్టింది.

“ఇంకో మాట,” అంది కామేశ్వరి. “అప్పలసూరని, హార్బర్లో ఓడల్ని లాగే టగ్గు మీద పన్జేత్తాడు. మీరు అంటించిన కాపీ నాలుగుసార్లు పట్టుకెల్లినాడు. రెండో కాపీ కూడా సదివి, ఇందులో ఏది నిజం, రాసినోడిని సూపించండి అంటన్నాడు. మీరు వద్దంటే వద్దు.”

“ఎలాంటివాడండీ?”

“నెమ్మదైనోడు. ఆ పుస్తకానికి అట్ట ఏసి తెచ్చినాడు.”

మరుసటి ఆదివారం భీమశంకరరావు లైబ్రరీకి వెళ్లాడు. ముప్పై ఏళ్ల మనిషి, ఎండకి నల్లబడ్డ మెడ, పెద్ద చేతులు, పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లేచి నమస్కారం పెట్టి, ముందుగా అన్న మాట ఇది.

“మీరు అయిదో అధ్యాయంలో తప్పు రాసినారండి.”

“ఏం తప్పు?”

“పెద్ద ఓడకి తాడు కట్టి, పడవని అడ్డంగా తిప్పి లాగినాడని రాసినారు. అలా లాగితే సిన్నది బోల్తా కొట్టేత్తాది. తాడు బిగిసేటప్పుడికి రెండూ ఒకే దారిలో ఉండాల.”

భీమశంకరరావు జేబులోంచి పెన్సిలు తీశాడు. ఒక కాగితం మీద ఓడ గీశాడు, పడవ గీశాడు. అప్పలసూరి ఆ పెన్సిలు తీసుకుని తాడు గీత సరిచేశాడు. గంటసేపు అదే మాట్లాడుకున్నారు. కామేశ్వరి రెండు గ్లాసుల టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడు అప్పలసూరి గొంతు తగ్గించాడు. “కేతనుడు అంతమంది పెద్దల ముందర సెప్పేసినాడు గదా. ఆడికి బయమెయ్యలేదా?”

“రాసేటప్పుడు నాకు వేసింది.”

“మాయమ్మ సమ్మందాలు సూత్తంది. ఎందుకొద్దంటన్నావురా అంటాది. సెప్పడానికి నాకాడ మాట లేదు. ఇలాటోడిని నానొక్కడినే అనుకున్నాను. మీ పుస్తకంలో ఇద్దరు కనబడినారు. ఆల్లని రాసినోడు ఒకడుంటాడు గదా అని ఎతుక్కున్నాను.”

భీమశంకరరావు చేతిలో కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, “వచ్చే ఆదివారం మీకు సెలవేనా?” అని అడిగాడు.

ఆ తర్వాత వాళ్ల ఆదివారాలు ఒకటయ్యాయి. అప్పలసూరి తల్లికి పెళ్లి చేసుకోనని తేల్చి చెప్పాడు. ఆమె ఏడాది పాటు కొడుకుతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ పెళ్లి ఊసు మాత్రం మానలేదు. భీమశంకరరావు తన తల్లికి ఎప్పటికీ చెప్పలేకపోయాడు. 1985లో ఇద్దరూ పెందుర్తిలో ఒకే ఇంట్లో పక్కపక్క వాటాలు అద్దెకి తీసుకున్నారు. అప్పలసూరి అతన్ని ‘బావ’ అని పిలిచేవాడు. ఇంటివాళ్లు నిజంగా చుట్టాలే అనుకున్నారు. అలా అనుకోనిచ్చారు. ఒక్కొక్కప్పుడు ఆ అబద్ధం భీమశంకరరావుకి కష్టంగా ఉండేది. అప్పలసూరికి అంత పట్టేది కాదు.

రెండో నవలలో నాలుగు నౌకలు చుక్కల మధ్య ఒకదాన్నొకటి లాక్కుంటూ వెళతాయి. తాళ్ల సంగతంతా అప్పలసూరి చెప్పిందే. ఇందులోనూ ప్రేమించుకునేది ఇద్దరు మగవాళ్లే. బెజవాడ ప్రచురణకర్త నుంచి అది తిరిగొచ్చింది. ద్వారకా నగర్‌లో శుభలేఖలు వేసే చిన్న ప్రెస్సులో వేయించారు. కామేశ్వరి కాపీలు సంచిలో పెట్టుకుని ఊళ్లో ఉన్న అద్దె లైబ్రరీలన్నిటికీ తిరిగింది. ఒకాయన సగం చదివి ఆమె బల్ల మీద విసిరి మళ్లీ రాలేదు. ఒకావిడ బోధపడలేదు గానీ ఏడుపొచ్చిందని కార్డు రాసింది.

1987 శీతాకాలంలో కామేశ్వరి కబురు పెట్టింది. పెందుర్తిలోనే ఉండే తాయారు అనే స్కూలు టీచరు, రెండో నవల చదివి, తను రాసిన నోటుపుస్తకాలు మూడు ఇచ్చి వెళ్లిందట. ఇద్దరూ వెళ్లేసరికి కామేశ్వరి మూడో పుస్తకం చదువుతోంది.

“ఇంకా అరవై పేజీలున్నాయి. అయ్యీదాకా ఇవ్వను,” అంది తల ఎత్తకుండా.

బెంచీ మీద కూర్చున్నారు. ఒంటిగంటకి ఆమె పుస్తకాలు చేతికిచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

తిరుగు బస్సులో భీమశంకరరావు మొదటి అధ్యాయం చదివాడు. చంద్రుడి మీద గని తవ్వే ఇద్దరు ఆడవాళ్ల కథ. ఊపిరి గాలిని ఇద్దరూ ఒకే గొట్టంలోంచి వంతులవారీగా పీల్చుకుంటున్నారు. ఆ ఒక్క దృశ్యంలో ఆమె రాసింది తను రెండు నవలల్లోనూ రాయలేకపోయాడని అతనికి వెంటనే తెలిసింది.

“ఎలాగుంది బావ?”

“నాకంటే బాగా రాసిందిరా.”

“మరి ఏడుపుమొగమేటి?”

“ఏడుపు కాదు,” అన్నాడు భీమశంకరరావు. నోటుపుస్తకం అట్ట మీద ఉన్న తాయారు అడ్రసు చూసి, తమ స్టాపు ఇంకా రాకముందే లేచి నిలబడ్డాడు. “ఇక్కడే దిగుదాం.”

సందులో మూడో ఇల్లు. తలుపు తీసిన ఆవిడ తాయారు కాదు. పేరు భ్రమరాంబనని చెప్పి, ఎవరు కావాలని అనుమానంగా అడిగింది. ఆమె వెనక గోడవారగా నిలబడ్డ సన్నటి మనిషి భీమశంకరరావు చేతిలో తన నోటుపుస్తకాలు చూసి కొయ్యబారిపోయింది. దారిలో మనసులో సిద్ధం చేసుకున్న మాటలు భీమశంకరరావుకి ఒక్కటీ గుర్తు రాలేదు.

“శంకరాభ అంటే నేనేనండి,” అన్నాడు. ఆ మాట అతను పరాయివాళ్లతో అనడం అదే మొదటిసారి. “మీ కథ చదువుతున్నాను. ఇంకా పూర్తికాలేదు. ఆగలేక వచ్చేశాం.”

భ్రమరాంబ ఒకసారి తాయారు వైపు, ఒకసారి గుమ్మంలో నిలబడ్డ ఇద్దరి వైపు, వీళ్లూ తమలాంటివాళ్లేనా అన్నట్టు చూసింది. తర్వాత తలుపు రెండో రెక్క కూడా తీసి, పక్కకి జరిగి, “ఎండలో నిలబడిపోనారేటి, లోపలికి రండి,” అంది.